లక్క ముడి

"తింటే తిను, లేకుంటే లెయ్. కంచం ముందర కండ్లనీళ్ళు పెట్టుకుంటే ఇంటికి అరిష్టం" అంది నాయనమ్మ లక్ష్మీనరసమ్మ.

ప్రసన్నకుమారి లేచింది. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నిన్న రాత్రి కూడా అంతే. పదిహేనేండ్ల పిల్లకు అంత పంతం ఎక్కడిదని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. అది చచ్చిపోయిన తల్లి ఉమామహేశ్వరమ్మ పంతమేనని అందరికీ తెలుసు.

నడవలో పాత దుప్పటి మీద తంబూరా ఉంది. తంబూరా అనడం అలవాటు కొద్దీ అనడమే. దండె ఒక పక్క, పగిలిన సొరబుర్ర పెంకులు ఒక పక్క, తెగిన తీగలు చుట్టలు చుట్టుకుని మరో పక్క. వాటి నడుమ చిన్న ఎర్రగుడ్డ మూట, దాని పొట్ట చీల్చినట్టు కోసిన చోట ఎండి పుచ్చిపోయిన పసుపుకొమ్ము. ఇంట్లోవాళ్ళంతా ఆ దుప్పటిని తప్పుకొని నడుస్తున్నారు గాని, దాన్ని తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.

బంగారు తాళిబొట్టు ఉండవలసిన మూటలో పసుపుకొమ్ము బయటపడింది. నంద్యాల పెద్దబజారులో బట్టల అంగడి నడిపే గురుమూర్తి ఇంట్లో మొన్నటి నుంచి ఎవరి ముఖం ఎవరూ సరిగ్గా చూడకపోవడానికి అదీ కారణం.

"ప్రసన్నా, రెండు ముద్దలు తిను తల్లీ" అంది పుష్పావతి, వంటింటి గడప దగ్గర నిలబడి.

పిల్ల తిరిగి చూసింది. కన్నతల్లి కాని తల్లిని చూసే చూపు ఎలా ఉంటుందో పుష్పావతి ఈ ఎనిమిదేండ్లలో మరిచిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది.

"మా అమ్మ బొట్టు యాడ పెట్టినావో చెప్పు. తింటా."

"నేను తీయలేదు తల్లీ. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"నీవు తీయకుంటే ఎవరు తీస్తారు? పోయిన ఉగాదికి తీగలు మార్పించకొస్తానని ఆళ్ళగడ్డకు ఎత్తకపోయింది నీవు. నీ పుట్టింట్లో అన్ని దినాలు పెట్టుకునింది నీవు. మొన్న దుమ్ము తుడుస్తానని కింద పడేసింది నీవు. అన్నీ నీవే చేసి, నేను తీయలేదంటే నమ్మేదానికి నేనేమన్నా పాలు తాగే బిడ్డనా?"

చెప్పిన మూడూ నిజమే మరి. నిజాలన్నీ వరసగా పేర్చితే చివర అబద్ధం తేలడం పుష్పావతి ఎక్కడా చూడలేదు.

ఆళ్ళగడ్డలో వీరబ్రహ్మాచారి చేసే తంబూరాలకు ఒక ఆనవాయితీ ఉండేది. సొరబుర్ర మీద పలక మూయక ముందు, చేయించుకునేవాళ్ళు తమవాళ్ళ వస్తువొకటి గుడ్డలో మూటకట్టి తెచ్చి ఇస్తారు. ఏం కట్టినారని ఆచారి అడగడు. విప్పి చూడడు. బుర్ర అడుగున లక్కతో అతికించి పలక మూసేస్తాడు. ఇక అది ఆ ఇంటి తంబూరా. ఉమామహేశ్వరమ్మ మంచానపడ్డప్పుడు అడిగి చేయించుకున్నది అలాంటి తంబూరానే. తాను పోయాక తన తాళిబొట్టు అందులో పెట్టి మూయించమనీ, అది తన బిడ్డకే చెందాలనీ మొగుడు గురుమూర్తి చెయ్యి తన తల మీద పెట్టించుకుని మరీ మాట తీసుకుందంటారు.

తల్లి పోయేనాటికి ప్రసన్నకు ఆరేండ్లు. దీపాలు పెట్టే వేళకు తంబూరా ఒళ్ళో పెట్టుకుని పాడి, బుర్రకు చెవి ఆనించి, "అమ్మ బొట్టు మోగుతాంది" అనేది. పెద్దదయ్యాక ఆ మాట అనడం మానింది గాని చెవి ఆనించడం మానలేదు.

పుష్పావతి మెడలో ఇంకొకటి ఉంది. రెండో పెండ్లామైన ఆడది, చచ్చిపోయిన మొదటామె గుర్తుగా కట్టుకునే సవతమ్మ బిళ్ళ. పెండ్లి పీటల మీద అత్త తన చేత్తో కట్టింది. శుక్రవారం శుక్రవారం దాన్ని పాలతో కడిగి కుంకుమ పెడుతుంది పుష్పావతి. కొత్తచీర వస్తే ముందు దానికి తాకించి, తర్వాతే తాను కట్టుకుంటుంది. చిన్నప్పుడు ప్రసన్న ఆ పూజ చూసి మూతి తిప్పేది. "మా అమ్మ నీ మెడలో లేదు. బుర్రలో ఉంది" అనేది.

ఆ పిల్లే మొన్న దసరా నుంచి 'చిన్నమ్మా' అనడం మాని 'అమ్మా' అంటోంది. కడుపున ఒక కాయ కాయని పుష్పావతి, ఆ పిలుపు విన్న రోజు దొడ్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నెల తిరగలేదు. ఆ పిలుపు పోయింది. చిన్నమ్మా అన్నది కూడా పోయింది. ఇప్పుడు 'నీవు' మాత్రమే మిగిలింది.

"మామకు కబురు పంపినా. ఈ సాయంత్రం రైలుకు డోను నుంచి వస్తాడు. ఆయనెంట పోతా. మళ్ళా ఈ గడప తొక్కను" అంది ప్రసన్న.

"ఏందీ? ఎవర్ని అడిగి పంపినావ్?" లక్ష్మీనరసమ్మ చేతిలోని గరిటె పెద్ద చప్పుడుతో గిన్నెలో పడింది.

"మా మామను పిలిచేదానికి ఎవర్నడగాల జేజీ?"

ముసలామె నోరు తెరిచి, కోడలి వైపు చూసి, మళ్ళీ మూసుకుంది. పుష్పావతికి అదే అర్థం కాకుండా ఉంది. ఉప్పెక్కువైతే ఊరంతా వినేట్టు అరిచే అత్త, కోడలి మీద దొంగతనం పడితే నిజమనదు, కాదనదు. పైగా అన్నం దగ్గర కూర్చుని విస్తరి వంక చూసి నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

*

గురుమూర్తి అంగడికి పోవడానికి చొక్కా వేసుకుంటున్నాడు. పుష్పావతి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసింది.

"మీరొక మాట చెప్పండి ఆ బిడ్డకు."

"ఏం చెప్పాల?"

"నన్ను నమ్ముతాండారో లేదో, అదన్నా చెప్పండి."

ఆయన పై గుండీ పెట్టుకుంటూ పెట్టుకుంటూ చాలాసేపు పెట్టుకున్నాడు. మంచివాడే. గట్టిగా ఒక మాట అనడు. గట్టిగా ఒక మాట మీద నిలబడడు కూడా.

"నమ్మేదీ నమ్మందీ ఏముంది పుష్పా. పోయింది పోయింది. ఇంగొక బొట్టు చేయిస్తా దానికి."

"బంగారం కోసం ఏడుస్తాందా అది?"

ఆయన మళ్ళీ గుండీ వైపు తల దించుకున్నాడు. మొదటి పెండ్లాం గుర్తొచ్చిందేమో అనుకుంది పుష్పావతి. తనకు సంబంధించిన ఆడది కాకపోయినా, ఆ దుఃఖాన్ని ఆమె ఎప్పుడూ గౌరవించింది. అందుకే ఇంకా రెట్టించలేదు.

"నేను ఆళ్ళగడ్డకు పోయొస్తా" అంది.

"యాడికి?"

"ఆళ్ళగడ్డకు. ఆ బుర్ర చేసినాయన ఇంటికి."

గుండీ మీద చెయ్యి ఆగిపోయింది. "ఆ ఆచారి చచ్చిపోయి రెండేండ్లాయ."

"ఆయన పెండ్లాం గోవిందమ్మ ఉంది గదా. ఉగాదికి తీగలు వేసింది ఆమే. నేను బుర్ర తెరిపించలేదని ఒక్కమాట ఆమె నోట చెప్పిస్తే చాలు."

"వద్దు పుష్పా."

"ఎందుకు వద్దు?"

"ఇంటి సంగతి ఊరంతా ఎందుకు చాటుకునేది? దాని మామ శేషయ్యతో నేను మాట్లాడతాలే."

"ఏమని మాట్లాడతారు? మా ఇంట్లో దొంగ ఉంది, చూసీచూడనట్టు పొమ్మనా?"

తలుపవతల నుంచి అత్త గొంతు వినిపించింది. "ఆడది ఒంటిగా బస్సెక్కి ఊర్లు తిరుగుతుందంట. ఇది సంసారుల ఇల్లా, సత్రమా?"

"పుట్టినూరికి పోయేదానికి తోడెందుకత్తా?" అంటూ పుష్పావతి తలుపు తీసింది.

పెండ్లయి వచ్చాక అత్త మాటకు ఎదురు మాట అనడం ఆమెకు అదే మొదలు. పాత దుప్పటి అంచులు నాలుగూ కలిపి, పెంకులూ పసుపుకొమ్మూ గుడ్డా అన్నీ మూటకట్టింది. దండె మాత్రం గోడకు ఆనించి వదిలేసింది. ప్రసన్న తన గది తలుపు సందు నుంచి చూస్తూనే ఉంది. ఆపలేదు, అడగలేదు.

*

బస్సు శిరివెళ్ల దాటేవరకు పుష్పావతి మూట ఒళ్ళోంచి దించలేదు. ఎడమ పక్క దూరంగా నల్లమల కొండలు, ఈ పక్క కనుచూపు మేర నల్లరేగడి, జొన్న, పత్తి. పక్కన కూర్చున్న రైతు పెండ్లాం "ఏముందమ్మా మూటలో?" అని అడిగింది. "తంబూరా" అంది పుష్పావతి. ఆమె మూట సైజు చూసి, పుష్పావతి ముఖం చూసి, ఇంకేమీ అడగలేదు.

ఆళ్ళగడ్డలో దిగగానే రాళ్ళు చెక్కే ఉలుల చప్పుడు. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడే. అన్న ఇల్లు నాలుగు అడుగుల్లో ఉంది. దొంగతనం మోసుకుని పుట్టింటి గడప ఎలా ఎక్కేది? కొంగు తల మీదికి లాక్కుని, ఆ సందు తప్పించి, ఆచారుల వీధికి పోయింది.

గోవిందమ్మ వాకిట్లో కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. మొగుడు పోయాక కొత్త తంబూరాలు చేసే చెయ్యి ఆ ఇంట్లో లేదు. తీగలు మార్చడం, తీగల కింది గుర్రం సరిచేయడం, ఊడిన పలకకు లక్క పెట్టడం వరకు ఆమె చేస్తుంది.

మూట విప్పి ముందు పెడితే గోవిందమ్మ కాసేపు పెంకుల వైపే చూసింది.

"అయ్యో. ఎట్ల పగిలె?"

"నా చేతి నుంచే జారిపడిందమ్మా."

"ఆయన చేసిన మంచి బుర్రల్లో ఇదొకటి. ఎంత నాదముండె దీనికి." పెంకు ఒకటి తీసి కొంగుతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టింది. "అతికేది కాదులేమ్మా ఇది."

"అతికించమని రాలేదు. ఉగాదికి తెచ్చినప్పుడు దీని పలక తెరిచినామా మనం?"

"తీగలు మార్చేదానికి పలక ఎవరు తెరుస్తారు? మతిపోయిందా నీకు?"

"ఆ మాట నంద్యాలకొచ్చి మా బిడ్డకు చెప్తావా? మూటలో బొట్టు ఉండాల. చూస్తే పసుపుకొమ్ము ఉంది. నేనే మార్చినానని..." పుష్పావతి ఎర్రగుడ్డను ఆమె ముందుకు జరిపింది.

గోవిందమ్మ చేట పక్కన పెట్టింది. ఎర్రగుడ్డ అందుకుని, పసుపుకొమ్ము కింద పెట్టి, గుడ్డను తిప్పి ముడి పట్టుకుంది. మొన్నటి నుంచి ఇంట్లో అందరూ గుడ్డలో ఏముందో చూశారు గాని, ముడిని చూసినవాళ్ళు లేరు. ముడి మీద చింతగింజంత లక్క గడ్డకట్టి ఉంది. దాని నడుమ నొక్కిన వేలిముద్ర.

"ఈ గుడ్డను కోసిందెవరు?"

"ప్రసన్న. ముడి రాలేదని పక్కన కత్తితో కోసింది."

"ముడి ఎట్లొస్తుంది? లక్క పోసింది నేను. ఇదో, నా వేలే." గోవిందమ్మ తన బొటనవేలు ఆ గుంటలో ఆనించింది. చక్కగా కూర్చుంది. "ఇది పోసినాక ఈ ముడి విప్పినోళ్ళు లేరు. లక్క పగలకుండా విప్పేది యా దేవునికీ చేతకాదు. నీ తప్పు లేదమ్మా దీంట్లో."

పుష్పావతికి ఒక్కసారి ఊపిరాడింది. రెండు చేతులూ గోవిందమ్మ మోకాళ్ళ మీద పెట్టి పిచ్చిదానిలా నవ్వింది. "ఈ ముడి చాలు. ఇది చూపిస్తే చాలు మా బిడ్డకు. ఇంక..."

అక్కడ ఆగిపోయింది. లక్క పోసిన తర్వాత ఎవరూ విప్పలేదంటే, పోయక ముందే అందులో ఉన్నది పసుపుకొమ్మే.

"మూట తెచ్చిచ్చింది ఎవరమ్మా?"

గోవిందమ్మ మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. "కట్టిందేదో అడగకూడదని మా ఇంటి కట్టడి. ఆయన పోయినా కట్టడి పోలేదు."

"నీవు చెప్పకుంటే నా బిడ్డ ఈ సాయంత్రం రైలుకు పోతుంది. మళ్ళా రాదు."

కందులు ఏరుతున్న వేళ్ళు ఆగాయి.

"మీ అత్త తెచ్చింది" అంది గోవిందమ్మ. "మీ ఇంటాయన కూడా వచ్చినాడు. లోపలికి రాలే. ఆ అరుగు మీదనే కూర్చున్నాడు. నేను లక్క పోసినంక ఇద్దరూ లేచి మా మరిది ఇంటికి పోయినారు."

"మరిది ఎవరు?"

"కంసాలి. ఆ మూల ఇల్లు. నేను నిప్పులకని పోతే ఆడనే ఉండారు. మీ అత్త కొంగు ముడి విప్పి బొట్టు తీసిచ్చింది. కరగబెట్టి సవతమ్మను చేయమనింది. చచ్చినామె బంగారంతో చేస్తేనే వచ్చేదానికి కాపు అనింది. మూసలో బొట్టు కరుగుతాంటే మీ ఇంటాయన కండ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాడు గాని వద్దని అనలే."

పుష్పావతి చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

"ఔ. అదే" అంది గోవిందమ్మ, ఆమె వైపు చూడకుండా.

ఎనిమిదేండ్లు. పాలతో కడిగింది, కుంకుమ పెట్టింది, చీరలు తాకించింది. పక్క గదిలో ఆ బిడ్డ ఒట్టి పసుపుకొమ్ముకు చెవి ఆనించి పాడుతుంటే, ఆ బిడ్డ తల్లి బొట్టు వంటింట్లో చారు కాచే తన మెడలో ఊగింది. తెంపి పారేయాలనిపించింది. పారేస్తే ఎవరిని పారేసినట్టు? పుష్పావతికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ మంట చచ్చిపోయినామె మీద కాదు, అత్త మీద కూడా అంత కాదు. అరుగు మీద కూర్చున్న మనిషి మీద.

*

చీకటి పడకముందే ఇల్లు చేరింది. వీధివాకిట్లో తెలియని చెప్పులు చూసి, పక్కసందులోంచి దొడ్డిదారిన వచ్చింది. తులసికోట దగ్గర కార్తీక దీపాలకు వత్తులు వేస్తూ లక్ష్మీనరసమ్మ ఉంది. కోడలి ముఖం చూడగానే నూనెగిన్నె చేత్తో పట్టుకుని లేచింది.

"శేషయ్య వచ్చినాడు. నీళ్ళు కూడా ముట్టలేదు" అంది ముందు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పిందా ఆయమ్మ?" అంది.

"చెప్పింది."

"నీ కోసమే చేసినా పుష్పా." ముసలామె గిన్నె కింద పెట్టింది. "మా తోడికోడలు రెండో పెండ్లిది. సవతమ్మ లేదు, గివతమ్మ లేదు అని ఎగతాళి చేసి కట్టుకోలే. ఏడాది తిరక్కముందే కాన్పులో పోయింది. ఈ చేతుల్తోనే ఎత్తినా దాన్ని. నీవు ఈ ఇంటికి రాకముందే నీ మీద భయం పట్టుకునింది నాకు. ఉమ పంతం నీకు తెల్దు. ఆమె బొట్టు బుర్రలో పెట్టి మూస్తే, ఆమె ఆడనే కూర్చొని ఇల్లంతా పిలుస్తుంటుంది. నీ మెడలో ఉంటే నిన్ను కాస్తుంది."

"మరి బిడ్డకిచ్చిన మాట?"

"బొట్టు లేనోళ్ళు పసుపుకొమ్మే కట్టుకుంటారు గదా, రెండూ ఒకటే అనుకున్నా. ఎవరు చూడొస్తారులే అనుకున్నా."

"నామీద దొంగతనం పడినప్పుడన్నా చెప్పకూడదా అత్తా?"

"చెప్తే ఏమైతుంది? తల తాకి ఇచ్చిన మాట తప్పినాడని తెలిస్తే, ఆ బిడ్డకు ఇంక తండ్రి ఉంటాడా?" లక్ష్మీనరసమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. గమ్మునుండు తల్లీ. నాలుగు దినాలు డోనులో ఉండి అదే వస్తుంది."

"అది రాదు. తండ్రి ఉండాలని మీరు చెప్పలేదు. చెప్పకుంటే నాకు బిడ్డ ఉండదు."

లోపలి నుంచి శేషయ్య గొంతు వినపడింది. "వచ్చిందా ఆయమ్మ? ఈడికి రమ్మను. నేను మళ్ళా రైలు చూసుకోవాల."

*

నడవలో బల్ల మీద శేషయ్య కూర్చుని ఉన్నాడు. ముందర పెట్టిన చెంబు నిండుగా అట్లే ఉంది. స్తంభానికి ఆనుకుని గురుమూర్తి. ప్రసన్న ట్రంకుపెట్టె చేత్తో పట్టుకునే నిలబడి ఉంది. పెట్టె మీద గోడకు ఆనించిన తంబూరా దండె నీడ పడుతోంది.

శేషయ్య చెడ్డవాడు కాదు. ఉమామహేశ్వరమ్మ అన్న. చెల్లెలు పోయిన చోటికి వచ్చిన పుష్పావతిని చెల్లెలనే అనుకుని, పెండ్లినాడు పుట్టింటి చీర పెట్టి, ఏటా పండుగకు పసుపుకుంకుమ పంపుతున్నవాడు. అందుకే ఆయన ముందు నిలబడడం పుష్పావతికి మరీ కష్టమైంది.

"కూర్చో అమ్మా" అన్నాడు.

"ఫర్వాలేదన్నా."

"నేను అరిచేదానికి రాలే. మా ఉమ పోయినంక నిన్ను ఉమ అనుకొని చీర పెట్టిన చెయ్యి ఇది. ఒకటే అడుగుతాండా. ఆ బొట్టు యాడుందో నీకు తెలుసునా, తెలీదా?"

పొద్దున అడిగి ఉంటే తెలీదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేది.

ఆమె మొగుని వైపు చూసింది. గురుమూర్తి అప్పటికే ఆమెనే చూస్తున్నాడు. దొడ్లో మాటలు ఆయన చెవిన పడ్డాయి కాబోలు. ఎనిమిదేండ్ల కాపురంలో ఆయన ఆమెను ఏదీ అడిగింది లేదు. అన్నం కూడా అడిగి పెట్టించుకునే మనిషి కాదు. ఇప్పుడు అడుగుతున్నాడు. నోటితో కాదు, కండ్లతో.

ప్రసన్న చేతిలో పెట్టె పిడి కిర్రుమంది. ఆ పిల్లకు తల్లి ఎటూ లేదు. పసుపుకొమ్ము కూడా లేదు ఇప్పుడు. మిగిలింది తండ్రి ఒక్కడే. తనది ఎటూ సవతి పేరే కదా, ఆ పేరుకు ఇంకొక పేరు తగిలితే ఏం మునిగింది అనుకుంది పుష్పావతి. ఆ మాట నిజంగానే అనుకుంది.

"తెలుసన్నా" అంది.

"యాడుంది?"

"నా దగ్గరే ఉంది."

శేషయ్య కండ్లు మూసుకున్నాడు. "చూస్తివా మామా" అంది ప్రసన్న. గెలిచినదాని గొంతు కాదు అది. చివరిదాకా కాదంటుందేమో, కాదంటే నమ్మేద్దామా అని ఎదురుచూసినదాని గొంతు. పెట్టె ఎత్తి వాకిలి వైపు తిరిగింది.

అంతటితో అయిపోయేదే. అప్పుడు స్తంభం దగ్గర గురుమూర్తి గట్టిగా ఊపిరి వదిలాడు. బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి.

అది పుష్పావతి చెవిన పడింది. అది వినకపోయి ఉంటే ఆమె జీవితమంతా దొంగగానే ఉండిపోయేది. బిడ్డకు తండ్రి మిగలాలని అలా ఉండడానికి ఒప్పుకుంది. ఆయన సుఖం కోసం ఉండడానికి మనసొప్పలేదు.

"ప్రసన్నా, ఆగు."

పిల్ల ఆగింది. పుష్పావతి మెడలోని నల్లపూసల దారం పైకి లాగి, సవతమ్మ బిళ్ళను విడదీసింది. ఎనిమిదేండ్ల కుంకుమ అంచుల్లో పేరుకుని ఉంది. పోయి పిల్ల ఖాళీ చేతిలో పెట్టింది.

"ఈ రేకు నాకెందుకు?"

"రేకు కాదు తల్లీ. మీ అమ్మ బొట్టు. కరగబెట్టి చేసింది. నాకు ఈ మధ్యాహ్నమే తెలిసింది."

ప్రసన్న అరచేయి వైపు చూసింది. ఎన్ని శుక్రవారాలు దాన్ని చూసి మూతి తిప్పిందో, ఇప్పుడు అలాగే తిప్పబోయింది. సగంలో ఆగింది.

"ఇది నీ పెండ్లిలో కట్టింది గదా" అంది మెల్లగా. "పీటల మీద జేజి కట్టింది. నేను నాయన ఒళ్ళో కూర్చొని చూసినా."

లక్ష్మీనరసమ్మ దొడ్డివాకిట్లో దీపం పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"అప్పటికి నీవు ఈ ఇంటికే రాలేదు" అంది ప్రసన్న.

ఆ మాట పుష్పావతితో అన్నా, చూపు అప్పటికే ఆమె మీద లేదు.

"నాయనా."

గురుమూర్తి స్తంభాన్ని పట్టుకున్నాడు.

"నేను ఇన్నేండ్లు దీపాల పొద్దుకు కూర్చొని ఎవరికి పాడినా నాయనా?"

శేషయ్య లేచి నిలబడ్డాడు. ఒకసారి బావ ముఖం చూసి, భుజం మీది కండువా దులిపి, "పోదాం పాప్పా. రైలు తప్పిపోతుంది" అన్నాడు.

ప్రసన్న బిళ్ళ ఉన్న చెయ్యి మూసుకుంది. రెండో చేతిలో పెట్టె కింద పెట్టలేదు.

"ఉండు మామా" అంది. "నాయన చెప్పాల."